పూచీ మా ఒక్కరిదేనా? తమిళనాడు ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇదే ఉత్తరం తమిళంలో మీ ఆఫీసుకు పంపాను. మళ్లీ తెలుగులో రాస్తున్నానంటే కారణం ఉంది. తరాలుగా చెన్నైలో ఉంటున్న మా తెలుగు కుటుంబాల్లో ఇంట్లో మానసిక జబ్బు ఉందన్న మాట గడప దాటనివ్వరు. పిల్లల సంబంధాలు చెడిపోతాయని భయం. మాలాంటి వాళ్లు ఇంకొంతమంది ఇది చదవాలి.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. జబ్బు ముదిరిన రోజుల్లో, పక్కింటి పెద్దాయన తనకు విషం పెడుతున్నాడని గట్టిగా నమ్మాడు. ఆయన మీద పడి కొట్టాడు. ఆయన చనిపోయారు. చేస్తున్నదేమిటో తెలిసే స్థితిలో వాడు లేడని కోర్టు తేల్చింది, నిర్దోషి అంది. అయినా వెంటనే ఇంటికి పంపలేదు. చాలాకాలం నిర్బంధంలో వైద్యం జరిగింది. కుదుటపడ్డాడని డాక్టర్లు చెప్పాక నేను పూచీకత్తు మీద సంతకం పెట్టి తెచ్చుకున్నాను.

మతి స్థిమితం లేక చేసిన పని నేరం కాదని ఐపీసీ 84వ సెక్షన్ చెప్పేది. 2024 జులై నుంచి ఆ మాట భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌లో ఉంది. ఆ తర్వాత మనిషిని ఏం చేయాలన్నది, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 374వ సెక్షన్ చెబుతుంది. దారులు రెండే. నిర్బంధంలో ఉంచడం, లేదా పూచీ తీసుకుని బంధువుకో స్నేహితుడికో అప్పగించడం. పూచీ ఇచ్చినవాళ్లు అతన్ని సరిగ్గా చూసుకోవాలి, తనకు గాని ఎదుటివాళ్లకు గాని హాని చేయకుండా చూడాలి, చెప్పినప్పుడు అధికారి ముందు హాజరుపరచాలి. ఇందులో ఏ ఒక్కటీ అన్యాయం కాదు. కాని ప్రభుత్వం తన వంతుగా ఏం చేస్తుందో ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. ఒక మనిషి ప్రాణం పోయిన కేసులో, ఇంకో ప్రాణం పోకుండా చూసే బాధ్యత మొత్తం ఒక ఆడమనిషి సంతకం మీద పెట్టేశారు.

మా ఇంట్లో అది ఎలా ఉంటుందో చెబుతాను. నెలకోసారి ఇంజెక్షన్ పడాలి. ఆ తేదీ తప్పకూడదు. జబ్బు తిరగబెట్టేటప్పుడు ముందు నిద్ర పట్టదు. తర్వాత అన్నం వాసన చూసి తినడం మొదలుపెడతాడు. అది చూడగానే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే ఓపిగ్గా మాట్లాడతారు, ఆ మేలు మరచిపోను. కాని ఆ రాత్రి ఇంటికి వచ్చేవాళ్లు కావాలి. పోలీసులను పిలిస్తే వీధి వీధంతా మా గుమ్మం ముందే ఉంటుంది, మర్నాడు ఇంటి ఓనరు పోర్షన్ ఖాళీ చేయమంటాడు. వాడికి తెలిసిన నర్సో, సోషల్ వర్కరో వచ్చి పక్కన కూర్చుంటే అక్కడే సగం టెన్షన్ తీరిపోతుంది. ఆ వచ్చే మనిషికి తెలుగు రావాలి. మావాడు తమిళం ధారాళంగా మాట్లాడతాడు గాని, జబ్బులో వాడికి వినపడిన గొంతులు తెలుగువి.

వాడు మొదట్నుంచీ టైలరు. ఇప్పుడు ఒక షాపు వాళ్లు కాజాలు, గుండీల పని ఇంటికి ఇస్తున్నారు. కత్తెర పట్టుకుంటే చూసేవాళ్ల మొహాలు మారిపోవడం వాడు గమనించాడు. అందుకే దారం పళ్లతో కొరికి తెంపుతాడు. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే మొదలుపెట్టాడు.

చనిపోయిన పెద్దాయన కొడుకు సంగతి కూడా చెప్పాలి. మావాడు బయటికొచ్చిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఒకరోజు టీ కొట్టు దగ్గర ఎదురుపడ్డాడు. అతని చేతిలో గ్లాసు వణకడం నేను చూశాను. ముందుగా కబురు చెప్పి, అతని భయమేమిటో అడగాల్సింది. కేసు కొట్టేసినా బాధితులకు పరిహారం సిఫారసు చేసే అధికారం కోర్టుకు ఉంది. ఆ సంగతి ఆ కుటుంబానికి తెలియదు. వాళ్లను పట్టించుకోకుండా మావాణ్ని వీధి ఒప్పుకోవాలని నేను అడగలేను.

నాలాంటి అక్క కూడా లేనివాళ్ల గతి తలచుకుంటే భయమేస్తుంది. అస్సాంలో మచల్ లాలుంగ్ అనే మనిషిని 1951లో పట్టుకుని మానసిక ఆస్పత్రికి పంపారు, 2005లో వదిలారు. విచారణే జరగలేదు, మధ్యలో 54 ఏళ్లు పోయాయి. కుటుంబం లేదనో, రానివ్వలేదనో, బయట వసతి లేదనో ఎవరినీ ఆస్పత్రిలో ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ స్పష్టంగా అంటోంది. ఇది చేతగాని ఊరు కాదు మనది. కీల్పాక్ మానసిక ఆస్పత్రి మూలాలు 1794 నాటివి. మానసిక వైద్యురాలు శారదా మీనన్ గారు 1984లో స్కిజోఫ్రీనియా రోగుల కోసం స్కార్ఫ్ సంస్థ మొదలుపెట్టింది ఇక్కడే. 1993లో పుట్టిన బానియన్ అనే స్వచ్ఛంద సంస్థ, ఏళ్ల తరబడి ఆస్పత్రుల్లో ఉండిపోయినవాళ్లకు మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని, తోడు మనుషులను పెట్టి బతకనిస్తోంది. కోర్టు కేసు ఉన్నవాళ్లకూ అలాంటి ఇళ్లు ప్రభుత్వ ఖర్చుతో కావాలి.

"మళ్లీ చేస్తే?" అని మీ అధికారులు అడుగుతారు. అడగాలి కూడా. కెనడాలో ఇలాంటి తీర్పు వచ్చినవాళ్ల సంగతి ఒక రివ్యూ బోర్డు సాధారణంగా ఏడాదికోసారి విచారిస్తుంది, షరతులు బిగించడమో సడలించడమో చేస్తుంది. అక్కడ మూడు రాష్ట్రాల్లో జరిగిన పెద్ద అధ్యయనంలో, మూడేళ్లలో మళ్లీ ఏదో ఒక నేరం చేసినవాళ్లు సుమారు 17 శాతం. మామూలు నేరస్తులతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఆ బోర్డు పర్యవేక్షణ ఉండగా వచ్చిన లెక్క ఇది. మనకు ఉన్నది పూచీకత్తు మాత్రమే.

దీనికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. అప్పగించిన మనిషిని ఎప్పుడు, ఎక్కడ, ఏ అధికారికి చూపించాలో నిర్ణయించే అధికారం 374వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికే ఇచ్చింది. హోం శాఖ వాళ్లతో కూర్చుని ఒక ఉత్తర్వు ఇవ్వండి. మేం వాడిని వెంటబెట్టుకుని ఆఫీసు వరండాలో నిలబడే బదులు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నుంచి నర్సు ఇంటికొచ్చి చూసి వెళ్లేలా, ఇంజెక్షన్ తప్పితే మర్నాడే వచ్చి అడిగేలా రాయండి.

నాకు వయసు మీద పడుతోంది. నా తర్వాత వాడికి పూచీ ఎవరు? నేను సంతకం పెట్టిన కాగితంలో నా పేరు పక్కన ప్రభుత్వం తరపున బాధ్యత తీసుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు, సంతకం కూడా ఉండేలా చేయండి.

ఇట్లు,
ఒక అక్క,
చెన్నై