ఈ ఒడ్డు, ఆ ఒడ్డు

డోన్యి మిలానోవాట్స్, సెర్బియా
అక్టోబరు మొదటి వారం

అమ్మా,

అట్లాస్ తీసి, సెర్బియాకీ రొమేనియాకీ మధ్య డాన్యూబ్ నది కొండల్లో మెలికలు తిరిగే చోట వేలు పెట్టు. నేను అక్కడే ఉన్నాను. దిగిన ఇంటి మేడ మీద నుంచి చూస్తే ఎదురుగా నది, అవతల రొమేనియా కొండలు. నిన్నటి నుంచి తూర్పు గాలి తెరిపి లేకుండా కొడుతోంది. ఇక్కడి వాళ్ళు దీన్ని కోషవ అంటారు. ఈ కొండల సందులోంచి బయల్దేరి బెల్‌గ్రేడ్ వైపు వీస్తుంది. నది వెంటే సముద్రం దాకా నేను పోవలసింది సరిగ్గా దానికి ఎదురుగా. అందుకే ఇవాళ సైకిల్ బయటికి తీయకుండా నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు చెప్పేస్తాను, మిగతాది స్థిమితంగా చదువుతావు. ఒంట్లో బాగుంది. మోకాళ్ళు మొదట్లో పీకాయి, సీటు కాస్త పైకి లేపాక తగ్గిపోయాయి. చీకటి పడ్డాక తొక్కడం లేదు. టెంటు ఉంది కానీ ఊళ్ళో గది దొరికితే గదిలోనే పడుకుంటున్నాను. ఒక్కదాన్నే వెళ్తున్నానని ఎవరైనా ఇబ్బంది పెట్టారా అని అడిగావు. మనుషుల వల్ల ఎక్కడా ఇబ్బంది రాలేదమ్మా. కుక్కల వల్ల మాత్రం వచ్చింది. సెర్బియా పల్లెల్లో సైకిల్ కనిపిస్తే చాలు, వెంటపడతాయి. దిగి, సైకిల్‌ని నాకూ కుక్కకీ మధ్య ఉంచుకుని నెమ్మదిగా నడిస్తే కాసేపటికి అవే వదిలేస్తాయి.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది. ఈ నది పది దేశాలను తాకుతూ పోతుంది. ప్రపంచంలో ఇంకే నదీ ఇన్ని దేశాలను తాకదు. నువ్వు క్లాసులో మ్యాప్ మీద నదుల్ని సరిహద్దులుగా చూపించేదానివి కదా, ఆ గీత మీదే రోజూ సైకిల్ తొక్కుతున్నాను. దారిలో నాకు ఎదురైన వాళ్ళలో సగం మంది, అడగకుండానే, అవతలి ఒడ్డు గురించే మాట్లాడారు.

జర్మనీలో ఇది చిన్న నది. డోనావెషింగెన్ దగ్గర బ్రెగ్, బ్రిగాఖ్ అనే రెండు వాగులు కలిసి డాన్యూబ్ అవుతాయి. అక్కడి నుంచి కొంచెం దూరంలో ఇమ్మెండింగెన్ అనే ఊరి దగ్గర నదే కనిపించలేదు. సున్నపురాయి నేల నీళ్ళన్నీ మింగేస్తుంది. ఎండిన గులకరాళ్ళ మీద నది మధ్యలో నడిచాను. ఆ నీళ్ళు భూమి లోపలి నుంచి దక్షిణంగా పోయి, ఇంకోచోట ఊటగా పైకి వచ్చి చివరికి రైన్‌లో కలుస్తాయి. 1877లో ఇక్కడి నీళ్ళలో రంగు కలిపితే రెండు మూడు రోజుల్లో ఆ ఊటలో ఆకుపచ్చగా తేలిందట. అంటే ఒకే నది నీళ్ళలో కొన్ని నల్ల సముద్రానికి, కొన్ని ఉత్తర సముద్రానికి పోతున్నాయన్నమాట. ఇది నువ్వు పిల్లలకి చెప్పి ఉంటే ఎంత సంబరపడేవాళ్ళో.

ఉల్మ్‌లో చర్చి గోపురం ఎత్తు 161 మీటర్ల పైచిలుకు. అది ఎక్కాను, బాగుంది. కానీ నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ ఊరి దర్జీ. పేరు ఆల్బ్రెఖ్ట్ బెర్‌బ్లింగర్. 1811లో తాను తయారు చేసుకున్న రెక్కలు కట్టుకుని, కోట గోడ మీద నుంచి నదికి అవతల ఉన్న బవేరియా ఒడ్డుకి ఎగరబోయి, అందరి కళ్ళ ముందే నీళ్ళలో పడ్డాడు. చల్లటి నది మీద గాలి పైకి లేవదు. అదే అతన్ని ముంచింది. రెక్కల్లో పస ఉందని తర్వాత వాటి నమూనాలు కట్టి చూసిన వాళ్ళు తేల్చారు. అప్పటి జనం మాత్రం నవ్వారు, అతను పేదరికంలోనే పోయాడు. ఆ గోడ దగ్గర నిలబడితే నాకు చాలా బాధ వేసింది. అటు ఒడ్డు అంత దగ్గరగా ఉంది.

పాసావ్, ఆస్ట్రియా, ద్రాక్షతోటల వహావ్ లోయ, వియన్నా, వీటి ఫోటోలు నీకు పంపాను కాబట్టి మళ్ళీ రాయను. ఆ దారి నున్నగా ఉంటుంది. పిల్లాజెల్లా, ముసలివాళ్ళూ అందరూ తొక్కుతుంటారు. అక్కడ వంతెన లేని చోట సైకిళ్ళ కోసమే చిన్న పడవలు నడుపుతారు. గంట కొడితే అవతలి ఒడ్డు నుంచి వచ్చి ఎక్కించుకుంటారు.

వియన్నా దాటాక స్లొవేకియాలోకి మొరావా నది మీదుగా వెళ్ళాను. 2012లో అక్కడ నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ మాత్రమే ఒక వంతెన కట్టారు. వంతెన మీద నన్ను ఆపిన వాళ్ళు లేరు, పాస్‌పోర్టు అడిగిన వాళ్ళు లేరు. అదే ఒడ్డు వెంట కాసేపు తొక్కితే డెవిన్ కోట వస్తుంది. కోట కింద, మొరావా డాన్యూబ్‌లో కలిసే చోట, తూటా దెబ్బలతో తూట్లు పడినట్టుండే ఒక ద్వారం కట్టారు. కమ్యూనిస్టు పాలన రోజుల్లో, 1989కి ముందు, ఈ సరిహద్దు దాటబోయి చనిపోయిన వాళ్ళ గుర్తుగా. నేను పావుగంట కింద పాట పాడుకుంటూ దాటి వచ్చిన నీళ్ళవి. అక్కడి నుంచి బ్రాటిస్లావా దాకా నాకు పాట రాలేదు.

స్లొవేకియా ఒడ్డున ష్టూరొవో అనే ఊళ్ళో వంతెన మీద ఒకావిడ కలిసింది. డెబ్బై దాటి ఉంటాయి. సంచీలో కూరగాయలు పెట్టుకుని హంగరీ వైపు నుంచి నడిచి వస్తోంది. నేను ఫోటో తీస్తుంటే ఆగి, జర్మన్‌లో నెమ్మదిగా మాట కలిపింది. 1944 డిసెంబరులో వెనక్కి పోతూ జర్మన్ సైన్యం ఈ వంతెన పేల్చేసింది. మళ్ళీ తెరిచింది 2001లో. ఆవిడ అక్కని అవతల ఎస్టెర్‌గోమ్‌లో ఇచ్చారు. ఒడ్డున నిలబడితే అక్కడి చర్చి గుమ్మటం కనిపిస్తుంది, అప్పట్లో అక్క ఇంటికి పోవాలంటే మాత్రం కాగితాలు, పడవ, చలికాలంలో అదీ ఉండేది కాదు. "ఇప్పుడు రోజూ వెళ్ళొస్తాను, పని లేకపోయినా," అంది. ఆ రోజు తెచ్చుకున్నది రెండు క్యాబేజీలు. అవి ఇటువైపు కూడా దొరుకుతాయి. నాకు చూపించి మురిసిపోయింది. అక్క పెరట్లో కాసినవట.

హంగరీ నుంచి క్రొయేషియాకి కూడా ఆపకుండానే వెళ్ళిపోవచ్చు. 2023 నుంచి అక్కడ తనిఖీలు లేవు. వుకొవార్‌లో మాత్రం మనిషి తనంతట తానే ఆగిపోతాడు. 1991 యుద్ధంలో యుగోస్లావ్ సైన్యం, సెర్బు దళాలు దాదాపు మూడు నెలలు ఆ ఊరిని చుట్టుముట్టి కొట్టాయి. నీళ్ళ ట్యాంకు టవర్‌కి ఆరు వందలకు పైగా దెబ్బలు తగిలాయి. ఆ చిల్లులు పూడ్చకుండా అలాగే ఉంచి, 2020 నుంచి లోపలికి జనాన్ని రానిస్తున్నారు. పై నుంచి చూస్తే నదికి అవతల సెర్బియా పొలాలు. ఇటు మాటా అటు మాటా దాదాపు ఒకటే. చెవికి తేడా తెలియడం లేదు నాకు.

ఇలోక్ దగ్గర వంతెన దాటితే సెర్బియా. అక్కడ పాస్‌పోర్టు మీద ముద్ర వేశారు. సంచుల బరువంతా ఉండేది వెనక చక్రం మీద, అందులోనూ గేర్ల వైపు పుల్లల మీద లాగుడు ఎక్కువ. బాచ్కా పలాంకా ఊరు మొదట్లోనే టంగుమని ఒక పుల్ల తెగింది. చక్రం ఊగి బ్రేకుకి రాసుకుంటుంటే నడిపించుకుంటూ వెళ్ళాను. దారిలో ఒక పిల్లాడు చూసి, మాటా పలుకూ లేకుండా చెయ్యి ఊపి ముందు నడిచాడు. తీసుకెళ్ళింది ఒక ఇంటి వెనక షెడ్డుకి.

మెకానిక్ పెద్దాయన. ఒకప్పుడు జర్మనీలో పనిచేశాడట, అందుకని మాట కుదిరింది. గేరు పళ్ళ గుత్తి ఊడదీసి, పాత చక్రంలోంచి సరైన కొలత పుల్ల ఒకటి వెతికి ఎక్కించాడు. తర్వాత చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో పుల్లనీ వేలితో మీటుతూ, తల వంచి విన్నాడు. వీణ తీగలు శ్రుతి చేసినట్టే. మొద్దుగా మోగిన చోట పుల్లలు బిగించే చిన్న తాళంచెవితో పావు తిప్పు, మరీ సన్నగా మోగిన చోట అంతే వదులు. మళ్ళీ మీటడం. చక్రం తిప్పి బొటనవేలి గోరు రిమ్ము పక్కన ఆనించి చూశాడు. ఒక్కచోట తగిలింది. ఆ ఒక్కచోట కోసం ఇంకో పావుగంట కూర్చున్నాడు. పెరట్లో ఆయన భార్య ఎర్ర మిరపకాయలు, పెద్దవి, కారం లేనివి, నిప్పుల మీద కాలుస్తోంది. ఈ రుతువులో ఇక్కడ ఏ వీధిలోకి వెళ్ళినా అదే వాసన. వాటితో ఐవార్ అనే పచ్చడి చేసి చలికాలానికి సీసాల్లో పెట్టుకుంటారు.

"ఎటు నుంచి వచ్చావు?" అన్నాడు.
"వుకొవార్ నుంచి."
చెయ్యి ఆగింది. "టవర్ చూశావా?"
చూశానన్నాను.
"చూడాలి," అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. డబ్బులు ఇస్తే తీసుకోలేదు, ఆవిడ ఒక ఐవార్ సీసా సంచీలో పెట్టింది. చక్రం ఇంకా తిన్నగానే తిరుగుతోంది.

నోవి సాద్‌లో నీకు నచ్చేది ఒకటి చూశాను. కోట మీద గడియారంలో పెద్ద ముల్లు గంటలు చూపిస్తుంది, చిన్నది నిమిషాలు. నదిలో పోయే పడవల వాళ్ళకి దూరం నుంచి గంట తెలియాలని అలా పెట్టారు. 1999లో ఆ ఊళ్ళో డాన్యూబ్ మీద ఉన్న వంతెనలన్నీ నాటో బాంబులకు కూలిపోయాయి, ఇప్పుడున్నవి తర్వాత కట్టినవి.

గొలుబాట్స్ కోట దాటాక రోడ్డు నది అంచునే పోతుంది, సొరంగం తర్వాత సొరంగం. లోపల లైట్లు లేవు. వెనక లారీ చప్పుడు వినిపించగానే టెన్షన్ పడ్డాను. ఆ డ్రైవరు మాత్రం దాటిపోకుండా, ఇండికేటర్లు రెండూ వేసి, బయటపడేదాకా నా వెనకే నడిచే వేగంతో వచ్చాడు. దాటుతూ చెయ్యి ఎత్తాడు. ముఖం కూడా సరిగా చూడలేదు నేను.

లెపెన్‌స్కి విర్‌లో వేల ఏళ్ళ నాటి జాలరుల ఊరు ఉంది. 1965 నుంచి స్రెయోవిచ్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వించాడు. గుండ్రాళ్ళ మీద చెక్కిన ముఖాలకి చేప నోళ్ళు, మనుషుల కళ్ళు. దిగువన డ్యామ్ కడితే మునిగిపోతుందని ఆ ఊరిని ఊరుగా ఎత్తి పైన పెట్టారు. 1972లో పూర్తయిన ఆ డ్యామ్ వల్లే నేనున్న ఈ ఊరు కూడా పైకి జరిగింది. "మా పాత వీధి అదిగో," అని ఇంటాయన నీళ్ళలోకి చూపించాడు.

ఆయన నిన్న రాత్రి ఒక సంగతి చెప్పాడు. రొమేనియాని ఏలిన నియంత చౌషెస్కు రోజుల్లో అక్కడి వాళ్ళు చీకట్లో ఈ నది ఈది ఇటు పారిపోయి వచ్చేవాళ్ళు. చాలామంది కాల్పులకి పోయారు, చాలామంది మునిగిపోయారు. ఆయన చిన్నప్పుడు ఒక తెల్లవారుజామున పాతికేళ్ళ కుర్రాడు, గాలి కొట్టిన ట్యూబు నడుముకి కట్టుకుని, వీళ్ళ వాకిట్లో వణుకుతూ నిలబడ్డాడు. ఇంటాయన వాళ్ళమ్మ తన భర్త బట్టలు ఇచ్చి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. మధ్యాహ్నం పోలీసులు వచ్చి తీసుకుపోయారు. కొందరిని అవతలికి తిప్పి పంపేసేవాళ్ళట, కొందరిని పడమటి దేశాలకి పోనిచ్చేవాళ్ళట. ఆ కుర్రాడు ఏమయ్యాడో వీళ్ళకి తెలియలేదు. "మా అమ్మ పోయేదాకా ఆ చొక్కా గురించి అడిగేది," అన్నాడు. ఏం అనాలో నాకు తెలియలేదమ్మా.

ఒడ్డున కిలోమీటరు బోర్డులుంటాయి. ఈ నదికి సున్నా సముద్రం దగ్గర, లెక్క అక్కడి నుంచి ఎగువకి. బెల్‌గ్రేడ్‌లో 1170. ఇప్పుడు వెయ్యి లోపుకి వచ్చేశాను. గాలి తగ్గితే రేపు కజాన్ ఇరుకు లోయ మీదుగా డ్యామ్ దాకా వెళ్ళి, డ్యామ్ మీద రోడ్డులో రొమేనియాకి దాటతాను. చివర్లో తుల్చా నుంచి, సముద్రం ఒడ్డున ఉన్న సులీనాకి రోడ్డు లేదు, డెల్టాలో పడవే దిక్కు.

లోయలో ఫోన్ ఒకసారి సెర్బియా సిగ్నల్, ఒకసారి రొమేనియా సిగ్నల్ పట్టుకుంటుంది, ఒక్కోసారి ఏదీ దొరకదు. ఫోన్ కలవకపోతే కంగారు పడకు. రొమేనియాలో టుర్ను సెవెరిన్ అనే ఊరు చేరగానే నేనే చేస్తాను. ఇది నాన్నకి కూడా చదివి వినిపించు, ఆ దర్జీ సంగతి ఆయనకి నచ్చుతుంది.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి