బరువొక్కటే చూస్తే ఏం తెలుస్తుందిరా

ఒరేయ్,

నీ మెసేజ్ చూశా. పక్కింటి బాబు తొమ్మిది కిలోలు, ఏడు నెలల మా పాప ఏడున్నరే అని తెగ బెంగపడిపోయావు కదా, నాకు ఈ సబ్జెక్టంటే ఎంత పిచ్చో నీకు తెలిసిందే, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, టీ పెట్టుకుని చదువు.

ముందసలు వయసుకి ఎంత బరువుండాలో చూపే ఎదుగుదల చార్టుల్లో ఆడపిల్లల చార్టు వేరు, మగపిల్లల చార్టు వేరు. ఏడు నెలల ఆడపిల్లకి మధ్య గీత 7.6 కిలోల దగ్గరుంటుంది, మగపిల్లాడికి 8.3. అంటే మీ పాప దాదాపు మధ్యలోనే ఉంది, ఇంకేం కావాల్రా నీకు! 2006లో డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన చార్టులివి, బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో తల్లిపాలు తాగి మంచి పరిస్థితుల్లో పెరిగిన పిల్లల్ని కొలిచి తయారుచేశారు. ఇంకోటి, చార్టులో పర్సంటైల్ అంటే వందమంది పిల్లల్లో మన పిల్ల కంటే తక్కువున్నవాళ్లు ఎంతమందో చెప్పే అంకె, పరీక్ష మార్కులు కాదు, పదిహేను దగ్గరున్న పిల్ల కూడా తన గీత వెంట తను పోతుంటే హాయిగా పెరుగుతున్నట్టే.

ఇక అసలు సంగతి. త్రాసు మొత్తం బరువే చెప్తుంది, అందులో కొవ్వెంత, కండా ఎముకా నీళ్లూ ఎంత అన్నది చెప్పదు. ఒకే బరువున్న ఇద్దరు పిల్లల్లో ఒకడికి కొవ్వు ఎక్కువుండొచ్చు, ఇంకొకడికి కండ. పుట్టినప్పుడు ఒంట్లో కొవ్వు పది పదిహేను శాతం దాకా ఉంటే ఐదారు నెలలకి పాతిక శాతం చుట్టుపక్కలకి వచ్చేస్తుంది, ఆ తొడల మడతలన్నీ అవే, ఉండాల్సినవే, ఆ తర్వాత పాకడం నడవడం మొదలయ్యాక మెల్లగా తగ్గుతాయి. కాబట్టి ఆ వయసులో బొద్దుగా ఉందని పాలు తగ్గించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇదంతా ఎలా కొలుస్తారంటావేమో. చిన్న పిల్లలకి పీ పాడ్ అని ఒక మెషీనుంది, బిడ్డని బట్టల్లేకుండా ఒక మూసిన పెట్టెలో రెండు నిమిషాలు పడుకోబెడితే ఎంత గాలిని పక్కకి నెట్టిందో చూసి ఒంటి సాంద్రత లెక్కకడుతుంది, కొవ్వు తేలిక కదా, దాన్నిబట్టి శాతం వస్తుంది. కానీ అది సుమారు ఆర్నెల్ల వరకే పనికొస్తుంది, తర్వాత పిల్ల పెద్దదైపోతుంది. అప్పుడు కొంచెం భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు, తాగించి కొన్ని గంటలాగి లాలాజలం తీసి అది ఎంత పలచబడిందో చూస్తారు, దాన్నిబట్టి ఒంట్లో నీళ్లెంతో, కొవ్వెంతో లెక్క తేలుతుంది, రేడియేషన్ గీడియేషన్ ఏమీ ఉండదు భయపడకు. నవ్వొచ్చేదేంటంటే ఈ పద్ధతిని దేశాలకి నేర్పిస్తున్నది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ! ఇవన్నీ రీసెర్చ్ కోసమేలే, నువ్వు పాపని ఎక్కడికీ మోసుకెళ్లక్కర్లేదు.

బరువు పొడవుకి తగ్గట్టు ఉందో లేదో తెలియాలి కాబట్టి నువ్వు చెయ్యాల్సింది పొడవు సరిగ్గా కొలిపించడం. బరువు రాసేసి పొడవు దగ్గర టేపు ఇలా పెట్టి అలా తీసేస్తారు, కాళ్లు ముడుచుకుంటే సెంటీమీటరు రెండు సెంటీమీటర్లు ఇట్టే పోతాయి. పడుకోబెట్టి, తల ఒకరు పట్టుకుని, మోకాళ్లు ఇంకొకరు చాపి, పాదాలకి పలక ఆనించాలి. రెండేళ్లు నిండాక నిలబెట్టి కొలుస్తారు, అప్పుడు సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది, పాప కుంచించుకుపోయిందని మళ్లీ అర్ధరాత్రి నాకు మెసేజ్ పెట్టకు.

మొదటి ఆర్నెల్లంత జోరుగా ఇప్పుడు బరువు పెరగదు, అది మామూలే. గీతలు దాటి కిందకి జారుతూ ఉంటే, నెలల తరబడి కదలకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈసారి బరువుతో పాటు పొడవూ తేదీలూ ఫోటో తీసి పంపు, పుట్టిన దగ్గర్నుంచి ఉన్నవన్నీ, నేను గీసి పెడతా.

ఉంటా మరి, చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
డొక్కుగాడు