పాత లారీకీ ఒక చోటు కావాలి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

పాత కార్ల ప్రదర్శనల ఫొటోలు పత్రికల్లో తరచూ చూస్తుంటాను. తళతళలాడే ఆ వరుసలో ఒక్క లారీ అయినా కనబడదేమన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. కారణం కొంత నిబంధనల్లోనే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2021 జూలైలో చేసిన సవరణ ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనానికి ‘వింటేజ్’ గుర్తింపు, ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు లభిస్తాయి గానీ, ఆ గౌరవం సొంత వాడకంలోని ద్విచక్ర వాహనాలకూ కార్లకూ మాత్రమే పరిమితం. బతుకంతా కిరాయికి తిరిగిన లారీకి అందులో చోటు లేదు.

నేను క్లీనరుగా లారీ ఎక్కిన రోజుల్లో టాటా మెర్సిడెస్ బెంజ్ బండ్లు ఇంకా మన రోడ్ల మీద బరువులు మోస్తున్నాయి. జర్మన్ కంపెనీతో టాటా వారికి 1954లో కుదిరిన ఒప్పందం 1969లో ముగిసి, రేడియేటరు మీది నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చినా, మా ఉస్తాదులు కొత్త బండిని కూడా ‘బెంజి’ అనే అనేవారు. ఏటూరునాగారం వైపు నుంచి వెదురు లోడుతో తాడ్వాయి, పస్రా అడవుల మీదుగా ములుగు వచ్చేటప్పుడు, పల్లం మొదలు కాకముందే గేరు తగ్గించుకోవాలి. క్లచ్ తొక్కి రాడ్డును న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. ఇంజను మోత సరిగ్గా చెవికి అందితేనే గేరు పళ్లు కలుస్తాయి, లేకుంటే గరగరమంటూ రాడ్డు అరచేతిని వెనక్కి తంతుంది. చడావు (ఎత్తు) మీద బండి ఆగిందా, క్లీనరు చెక్కదిమ్మతో కిందికి దూకి వెనుక చక్రానికి అడ్డం పెట్టాల్సిందే. పవర్ స్టీరింగ్ అప్పుడెక్కడిది? లోడు బండిని మలపాలంటే సీటులోంచి సగం లేచి బలమంతా చక్రం మీద వేసేవాళ్లం. (ఇప్పటి పిల్లలు దాన్ని ఒంటిచేత్తో తిప్పుతుంటే నాకు అసూయే తప్ప కోపం లేదు.)

ఎండాకాలం వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలడం మరో పరీక్ష. పక్కనే ఇంజను కాపడం పెడుతుంటుంది, వెనుక నుంచి ఘాటు కమ్ముతుంది, కళ్లు తుడుచుకుందామంటే చేతులకూ కారమే. మేడారం జాతర వచ్చిందంటే మాత్రం అదే లారీకి పసుపు కుంకుమలు పెట్టి, అమ్మవార్లకు బెల్లం మోసుకొచ్చే జనంతో కిక్కిరిసి వెళ్లేవాళ్లం. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం తప్పే అయినా, ఆ కాలంలో చాలా పల్లెలకు జాతర దారి అదే.

అయితే పాత లారీని కాపాడాలనడానికి నా జ్ఞాపకాలు అసలు కారణం కావు. నాడు కంపెనీ అమ్మింది లారీ కాదు, ఇంజనూ చక్రాలూ ఉన్న చాసిస్ మాత్రమే. తలుపులూ పైకప్పూ లేని ఆ చాసిస్ మీద, పెట్టె లాంటి సీటులో కూర్చుని, ముఖానికి రుమాలు చుట్టుకుని డ్రైవర్లు జంషెడ్‌పూర్ నుంచి రోజుల తరబడి తోలుకొచ్చేవారు. ఆపైన క్యాబిన్, బాడీ, పక్క పలకలు, వాటి ఇనుప పట్టీలు, వెనుక డాలా (తలుపు పలక)పై నెమలి బొమ్మ, ఇవన్నీ మన వడ్రంగులు, కమ్మరులు, పెయింటర్లు చేసినవే. అందుకే ఒక లారీ మరో లారీలా ఉండేది కాదు. తుక్కు కాంటా మీద ఇనుముకే లెక్క. కర్ర పొయ్యిలోకి పోతుంది, పనితనం ఎవరి ఖాతాలోనూ పడదు.

పొగ చిమ్మే, బ్రేకులు నమ్మరాని ముసలి బండ్లు రోడ్ల మీద తిరగాలని నేను కోరడం లేదు. పాత బండ్లను తుక్కు చేసే విధానం అవసరమే. 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతున్నప్పుడు ప్రైవేటు బండ్లను చూసీచూడనట్టు వదిలేయమనడం న్యాయం కాదు. నేను అడిగేది నిలబెట్టి ఉంచడానికి ఒక్క బండి. నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైన నాటి ఆల్బియన్ బస్సును హైదరాబాదులో భద్రపరిచారు. జనాన్ని మోసిన బస్సుకు దక్కిన గౌరవం, రామగుండం బొగ్గునూ మంచిర్యాల సిమెంటునూ వరంగల్ పత్తినీ మోసిన లారీకి ఎందుకు దక్కకూడదు?

వింటేజ్ గుర్తింపును సరుకు వాహనాలకూ వర్తింపజేయమని రాష్ట్ర రవాణా శాఖ కేంద్రానికి రాయాలి. ఈలోగా కర్ర బాడీతో మిగిలి ఉన్న పాత లారీ ఒకటి కొని, ఎనుమాముల మార్కెట్ ఆవరణలో కప్పు కింద ఉంచవచ్చు. దాన్ని స్టార్ట్ చేసి చూపగల డ్రైవర్లు, బాడీ ఎలా కట్టారో చెప్పగల మేస్త్రీలు హన్మకొండ, కాజీపేటల్లో ఇంకా ఉన్నారు. వారి మాటలు రికార్డు చేసే పని ఏ కళాశాల విద్యార్థులకైనా అప్పగించవచ్చు. ఖర్చు గురించి బెంగ అక్కరలేదు. తుక్కు వ్యాపారి ఇచ్చేదానికంటే కాస్త ఎక్కువ ఇస్తే ఏ యజమానీ కాదనడు.

ఇట్లు,
ఒక విశ్రాంత లారీ డ్రైవరు,
హన్మకొండ