మావయ్య ఫోన్ రీసెట్ కొట్టే ముందు

రాజమండ్రి,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ బావా,

నిన్న రాత్రి నువ్వన్న మాట పొద్దుట్నుంచీ నా బుర్రలోనే తిరుగుతోంది. "నాన్న ఫోన్ బీరువాలో ఊరికే పడుంది, రీసెట్ కొట్టేసి వాచ్‌మన్ కొడుక్కి ఇచ్చేస్తాను, వాడి చదువుకి పనికొస్తుంది" అన్నావు. ఇవ్వు. మావయ్య ఉన్నా అదే చేసేవారు. కానీ ఆ బటన్ మాత్రం ఇవాళ నొక్కకు, రేపూ నొక్కకు. ఈ ఉత్తరం మొత్తం చదివి, ఇందులో చెప్పినవన్నీ చూసుకున్నాక నొక్కు. ఫోన్లోనే చెప్పేవాణ్ణి, నీకు డ్యూటీకి టైమైపోయింది. పైగా ఇవన్నీ ఫోన్ ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చేసుకోవాల్సినవి, రాసి ఉంటేనే మేలు.

రీసెట్ కొట్టినా ఎవరైనా మళ్ళీ లోపలివి తీయగలరా అని నీ టెన్షన్. మావయ్య బ్యాంకు మెసేజీలు, ఇంట్లో ఫోటోలు ఎవడి చేతిలోనో పడతాయేమోనని. నాకు మాత్రం, మళ్ళీ ఎవ్వరూ తీయలేరే అని భయం. ఎందుకో విను.

మా నాయనమ్మ పాటల సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఆవిడ పోయే ముందు సంవత్సరం కార్తీకమాసంలో నాన్న ఆవిడ చేత మంగళహారతులు పాడించి ఫోన్లో రికార్డు చేసుకున్నారు. మొత్తం పదకొండు పాటలు. ఒకదాంట్లో మధ్యలో కుక్కర్ విజిల్ వస్తుంది, ఆవిడ పాట ఆపి "స్టవ్ కట్టెయ్యవే" అని మా అమ్మని కేకేసి, మళ్ళీ ఆపిన చోటే అందుకుంటుంది. నాన్న రాత్రిళ్ళు అదే పెట్టుకుని వినేవారు. కొన్నాళ్ళకి ఆ ఫోన్ బాగా స్లో అయింది, ఏది నొక్కినా తిరుగుతూనే ఉండేది. నేనే రీసెట్ కొట్టాను. కొట్టే ముందు అడిగాను కూడా, అన్నీ గూగుల్లో ఉన్నాయా అని. ఉన్నాయన్నారు. నిజంగానే నాన్న అకౌంట్ వేయగానే ఫోటోలన్నీ వచ్చాయి, నంబర్లన్నీ వచ్చాయి. సంబరపడుతూ తీసుకెళ్ళి చేతికిచ్చాను. ఆయన కాసేపు అటూ ఇటూ వెతికి, "అమ్మ పాటలేవిరా?" అన్నారు.

ఆ రికార్డర్ యాప్ పాటల్ని ఫోన్లోనే దాచుకుంటుంది బావా, గూగుల్‌కి పంపదు. నాన్నకి అది తెలీదు, నాకూ తట్టలేదు. మర్నాడు ఒక రిపేర్ షాపుకి పట్టుకెళ్తే, గ్యారంటీగా తీసిస్తానని పదిహేను వందలు తీసుకుని రెండ్రోజులు ఉంచుకున్నాడు. చివరికి ఏమీ రాలేదన్నాడు. అసలు వచ్చే దారే లేదని తర్వాత చదువుకుంటే తెలిసింది.

పాత ఫోన్లలో అయితే దారి ఉండేది. అప్పట్లో రీసెట్ అంటే ఒక వీధిలో ఇంటి నంబర్ల పలకలు పీకేసినట్టు. ఏ ఇల్లు ఎవరిదో ఫోన్‌కి తెలీదు గానీ ఇళ్ళు ఇళ్ళలాగే, మనుషులు మనుషుల్లాగే ఉంటారు. ఓపిగ్గా ప్రతి తలుపూ తట్టేవాడికి అందరూ దొరుకుతారు. 2014లో అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్ళు ఈబేలో 20 పాత ఆండ్రాయిడ్ ఫోన్లు కొని చూస్తే, అమ్మినవాళ్ళు తుడిచేశామనుకున్న ఫోటోలే 40,000 పైన బయటపడ్డాయి. ఆ మరుసటేడు కేంబ్రిడ్జి యూనివర్సిటీలో లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ ఇంకాస్త లోతుగా వెళ్ళారు. 21 సెకండ్‌హ్యాండ్ ఫోన్లని రీసెట్ కొట్టి తవ్వితే మెసేజీలు, నంబర్లే కాదు, పాత యజమాని గూగుల్ అకౌంట్లోకి పాస్‌వర్డ్ అడక్కుండా దూరిపోయే టోకెన్ కూడా చాలావాటిలో దొరికింది. అవన్నీ ఆండ్రాయిడ్ 2.3 నుంచి 4.3 దాకా నడిచిన ఫోన్లు. నువ్వు ఎక్కడో విని భయపడుతున్నది ఈ కాలం సంగతే.

ఇప్పటి ఫోన్లలో పద్ధతి మారిపోయింది. నువ్వు ఫోటో తీసిన క్షణంలోనే ఫోన్ దాన్ని గిలకొట్టి, తాళం చెవి లేనిదే అర్థం కాని రాతగా మార్చి దాచుకుంటుంది. రీసెట్ కొట్టినప్పుడు ముఖ్యంగా జరిగేది ఆ తాళం చెవిని నాశనం చేయడమే. అందుకే వందల జీబీల ఫోన్ కూడా నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది. ఏ మూలనైనా పాత అక్షరాలు మిగిలినా అవి చెత్తతో సమానం, ఎంత పెద్ద ల్యాబ్‌కి పట్టుకెళ్ళినా అంతే. ఐఫోన్లలో ఈ ఏర్పాటు 2009లో వచ్చిన 3జీఎస్ నుంచే ఉంది. ఆండ్రాయిడ్‌లో 2015లో వచ్చిన 6.0తో గట్టిపడింది, అయినా చవక ఫోన్లకి మినహాయింపు ఉండేది. 2019లో ఆండ్రాయిడ్ 10 దగ్గర్నుంచి, దాంతో వచ్చే ప్రతి కొత్త ఫోన్‌కీ తప్పనిసరి చేశారు. మావయ్య ఫోన్ 2020 సంక్రాంతి తర్వాత కొన్నది, ఆండ్రాయిడ్ 10తోనే వచ్చిందో లేదో ఒకసారి చూడు. అలా వచ్చిందే అయితే ఆ పిల్లాడే కాదు, వాడి తలదన్నినవాడు కూడా మావయ్య మెసేజీలు చదవలేడు. ఆ విషయంలో హాయిగా నిద్రపో.

నీ డ్రాయర్లో ఇంకా పాతకాలంది ఒకటి ఉందన్నావు చూడు, బీటెక్‌లో వాడింది, దాన్ని మాత్రం అలా ఇవ్వకు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీలో ఫోన్‌ని ఎన్‌క్రిప్ట్ చేయమనే, అంటే ఇందాక చెప్పినట్టు గిలకొట్టి దాచమనే ఆప్షన్ ఉంటుంది. ఛార్జర్ పెట్టి ముందు అది చేయి, గంట పైనే పడుతుంది, మధ్యలో ఆపకు. ఆ తర్వాత రీసెట్ కొట్టు.

సరే, మావయ్య ఫోన్ దగ్గరికొద్దాం. పిన్ నీకు తెలుసు, అదే అదృష్టం. ఓపెన్ చేసి తీరిగ్గా కూర్చో. రికార్డర్ యాప్ చూడు. కాల్ రికార్డింగ్ ఆన్‌లో ఉండేదేమో చూడు. నోట్స్ చూడు, మావయ్యకి చిట్టీల లెక్కలు రాసుకునే అలవాటుంది కదా. మెసేజీలు చూడు. డౌన్‌లోడ్స్‌లో ఎల్‌ఐసీ కాగితాలు, పొలం కాగితాలు పీడీఎఫ్‌లుగా ఉండి ఉంటాయి. వాట్సాప్‌లో ముఖ్యమైన చాట్లు తెరిచి ఎక్స్‌పోర్ట్ కొట్టి నీకు పంపుకో. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉందిలే అని ఊరుకోకు. ఆ బ్యాకప్ మళ్ళీ తెరవాలంటే అదే నంబరు పనిచేస్తూ ఉండాలి, పైగా 120 రోజులు వాడకపోతే వాట్సాప్ ఆ అకౌంట్‌నే తీసేస్తుంది. రీచార్జి ఆపేస్తే కొన్ని నెలలకి మావయ్య నంబరు కూడా ఇంకెవరికో వెళ్ళిపోతుంది. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి, నీ ల్యాప్‌టాప్‌లోకి, రెండు చోట్లకి ఎక్కించు. ఎక్కించాక తెరిచి ఆడుతున్నాయో లేదో విను. ఒక్కొక్కటీ విను బావా.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఫోన్ ఇచ్చేస్తున్నాం కదా అని ముందు గూగుల్ ఫోటోస్ తెరిచి అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొడతారు. అలా కొడితే గూగుల్ దగ్గరున్నవి కూడా పోతాయి, అన్ని ఫోన్లలోంచీ పోతాయి. బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులుంటాయి, తర్వాత అంతే. రీసెట్ మాత్రం ఫోన్లో ఉన్నదాన్నే తుడుస్తుంది, గూగుల్ దగ్గరున్న ఫోటోల జోలికి, నంబర్ల జోలికి పోదు. అందుకని చేత్తో ఏదీ డిలీట్ చేయకు. ఇంకోటి, రెండేళ్ళు ఎవరూ తెరవని అకౌంట్‌ని గూగుల్ మూసేయొచ్చు, 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తున్నారు. మావయ్య అకౌంట్లో ఉన్న ఫోటోలన్నీ నీ దగ్గరికి దించుకో.

తర్వాత మెమరీ కార్డు. దీని గురించి మా వదిన అనుభవం చెప్పాలి. వదిన పాత ఫోన్ రీసెట్ కొట్టి, తెలిసినవాళ్ళ అబ్బాయికి అమ్మింది. నాలుగు రోజులకి ఆ అబ్బాయే ఇంటికొచ్చి క్యాలెండర్ కాగితం మడత ఒకటి చేతికిచ్చాడు. విప్పితే చిటికెనవేలి గోరంత కార్డు. అందులో పాప అన్నప్రాశన ఫోటోలు, అన్నయ్య ఆధార్, పాన్ ఫోటోలు, అన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఆ అబ్బాయి మంచివాడు కాబట్టి సరిపోయింది. మామూలుగా రీసెట్ కొడితే కార్డు ముట్టుకోదు, అందులోవి ఎన్‌క్రిప్ట్ కూడా అయి ఉండవు. పిన్నుతో ట్రే లాగు, సిమ్ తీయి, కార్డు తీయి, ట్రేని వెలుతురులో తిప్పి చూసి మళ్ళీ పెట్టు. సిమ్‌ని అసలు వదలకు. మావయ్య యూపీఐ పిన్ ఫోన్లో దాచి ఉండదు, యాప్ కూడా రీసెట్‌తో పోతుంది, కానీ ఓటీపీలు వచ్చేది ఆ సిమ్‌కే. బ్యాంకులో అత్తయ్య పని పూర్తయ్యేదాకా అది నీ దగ్గర భద్రంగా ఉండాలి, రీచార్జి కూడా చేయిస్తూ ఉండు.

ఇక రీసెట్. ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకెళ్ళి గూగుల్ అకౌంట్ తీసెయ్, ఆ తర్వాత సెట్టింగ్స్‌లోంచే రీసెట్ కొట్టు. పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కి కొట్టే పద్ధతి వద్దు. అకౌంట్ ఉండగా అలా కొడితే, ఆన్ చేయగానే పాత పిన్ గానీ పాత అకౌంట్ పాస్‌వర్డ్ గానీ అడుగుతుంది. షాపులవాళ్ళు ఎఫ్‌ఆర్‌పీ లాక్ అంటారే, అదే. దొంగిలించిన ఫోన్ దొంగకి పనికిరాకూడదని 2015లో ఆండ్రాయిడ్ 5.1తో పెట్టారు. మంచి ఏర్పాటే, కానీ అవి తెలీని ఆ పిల్లాడి చేతిలో ఫోన్ రాయిలా పడుంటుంది.

రీసెట్‌కి మారనివి ఇంకా కొన్ని ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వెనక్కి పోవు, పెట్టెలోంచి తీసిన రోజు ఫోన్‌లా అయిపోదు. అరిగిన బ్యాటరీ అరిగినట్టే ఉంటుంది. వైరస్సులు చాలావరకు పోతాయి గానీ, సిస్టమ్ ఉండే భాగంలోకి దూరినవి పోవు. 2019లో ఎక్స్‌హెల్పర్ అని ఒకటి వచ్చి, రీసెట్ కొట్టిన ఫోన్లలో మళ్ళీ మళ్ళీ లేచి జనాన్ని ఏడిపించింది. ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్, ఐఎంఈఐ, అసలే మారదు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే 15 అంకెలు కనపడతాయి, అవి రాసుకో. రేపు ఆ ఫోన్ ఎక్కడైనా పోయి, దేనిలోనైనా ఇరుక్కుంటే వెతుక్కుంటూ వచ్చేది బిల్లు మీదున్న పేరు కోసమే. ఫలానా తేదీన ఫలానావాళ్ళకి ఇచ్చానని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఒరిజినల్ బిల్లుతో పాటు దాచు. వాచ్‌మన్ ఏమీ అనుకోడు, ఆయనకీ అది రక్షణే.

ఆఖర్న నీ ల్యాప్‌టాప్‌లో మావయ్య గూగుల్ అకౌంట్ తెరిచి, పరికరాల జాబితాలో ఈ ఫోన్ పేరు ఇంకా ఉంటే సైనౌట్ కొట్టు. వాట్సాప్ వెబ్ ఎక్కడైనా తెరిచి పెట్టారేమో, అది మాత్రం రీసెట్‌కి ముందే ఫోన్లో లింక్డ్ డివైసెస్‌లో చూసి తీసెయ్. మావయ్య ఊళ్ళో సొసైటీ ఆఫీసు కంప్యూటర్లో తెరిచేవారని నాకు గుర్తు.

ఇదంతా ఒక్క రోజులో అయ్యే పని కాదు, కష్టంగానూ ఉంటుంది. ఆయన గొంతు వింటూ కూర్చోవడం నీకెలా ఉంటుందో నాకు తెలుసు. ఒక్కడివే చేయలేననిపిస్తే దసరాకి వచ్చేటప్పుడు ఫోన్ వెంట తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చేద్దాం. అత్తయ్యని కూడా కూర్చోబెట్టుకుందాం, మనకి తెలీనివి ఆవిడ గుర్తుపడుతుంది. పెన్‌డ్రైవ్ నేను కొని ఉంచుతాను.

ఇది రాస్తూ మధ్యలో నా వాట్సాప్ తెరిచి చూశాను. ఆయన ఫోన్లో ఏం చేసినా, మనకి పంపినవి మన ఫోన్లలో ఉంటాయి కదా. మావయ్య నాకు పంపిన వాయిస్ మెసేజీలు మొత్తం ఏడు ఉన్నాయి. ఒకటి మా ఇంటి గృహప్రవేశానికి రాలేకపోయినప్పటిది, "ఏరా అల్లుడూ, పాలు పొంగాయా?" అని మొదలవుతుంది. ఏడూ ఇవాళ రాత్రి నీకు పంపుతాను, ముందు వాటిని దాచుకో.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ
బావ