శిల్పం పేరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీకి పాఠకులు పంపే రోమ్ ఫొటోలన్నీ కొలోసియం ముందు దిగినవే. వయా ఓస్తియెన్సే వీధిలోని చెంత్రాలే మోంతెమార్తీని మ్యూజియానికీ వెళ్లమని మనవి. 1912 నాటి విద్యుత్ కేంద్రమది. 1997లో అక్కడికి ప్రాచీన పాలరాతి శిల్పాలు తెచ్చారు. నల్లటి డీజిల్ ఇంజిన్ల ముందు తెల్లటి దేవతలు! ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి, అంత మంచి బ్యాక్‌గ్రౌండ్ మరెక్కడా చూడలేదు. ఫ్లాష్ వాడొద్దు, ముందునుంచి పడే వెలుగులో రాయి చదునుగా కనిపిస్తుంది. కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా నిలబడితే చీర కుచ్చిళ్లలాంటి మడతలు ఒక్కొక్కటీ తేలతాయి. తల, చేతులు విరిగినవాటినీ వదలకండి. పక్కనున్న పేరు పలకను కూడా ఫొటో తీసుకోండి. సంపాదకులు మీరు కూడా ‘రోమ్‌లో ఓ విగ్రహం’ అని సరిపెట్టకుండా శిల్పం పేరు, కాలం, మ్యూజియం వివరాలు వేయండి.

— ఒక పాఠకుడు, తెనాలి