రగ్డ్ ఫోన్ల పట్టికలో లేని వివరాలు

సంపాదకులకు,

అయ్యా,

ఆరుబయట కష్టమైన పనులు చేసేవారు ఎలాంటి రగ్డ్ స్మార్ట్‌ఫోన్ (దెబ్బలను, నీటిని, దుమ్మును తట్టుకునేలా తయారు చేసే ఫోను) కొనుక్కోవాలో వివరిస్తూ గత వారం మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసాన్ని, దానితో పాటు ఇచ్చిన ఫోన్ల పట్టికను రెండుసార్లు చదివాను. నేను పద్దెనిమిదేళ్లుగా భూముల సర్వే పనిలో ఉన్నాను. మా బృందంలో తొమ్మిది మంది ఉన్నారు. వారికి ఫోన్లు ఎంచి కొనడం, పాడైతే బాగు చేయించడం, బాగు కాని వాటిని పక్కన పెట్టడం అన్నీ నా చేతుల మీదుగానే జరుగుతాయి. ఈ విషయానికి మీరు సగం పేజీ కేటాయించినందుకు సంతోషించాను. అయితే ఆ వ్యాసాన్ని నమ్మి ఫోను కొనేవారికి నష్టం కలిగించగల లోపాలు అందులో కొన్ని ఉన్నాయి కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు దిద్దవలసిన వాక్యం ఒకటి ఉంది. ఈ ఫోన్లు "గ్యాస్, రసాయన కర్మాగారాల్లో పనిచేసేవారికి కూడా అనువైనవి" అని వ్యాసకర్త రాశారు. నీటిని, దుమ్మును తట్టుకునే ఫోను మండే వాయువుల మధ్య వాడడానికి పనికివస్తుందని అనుకోవడం ప్రాణాపాయం. మండే ఆవిరులు, వాయువులు, పేలుడు స్వభావం గల ధూళి ఉండే చోట వాడే పరికరాల్లో నిప్పురవ్వ పుట్టకుండా, ఏ భాగమూ మితిమీరి వేడెక్కకుండా ప్రత్యేకంగా రూపకల్పన చేస్తారు. వాటికి యూరప్‌లో అటెక్స్ ధ్రువీకరణ, అంతర్జాతీయంగా ఐఈసీఈఎక్స్ ధ్రువీకరణ ఉంటాయి. ప్రమాద తీవ్రతను బట్టి ఆ స్థలాన్ని ఏ జోన్‌గా గుర్తించారో ఆ జోన్‌కు సరిపడే గుర్తు ఫోను మీద ఉండాలి. మీ పట్టికలోని ఫోన్లలో ఒక్కదాని పక్కన కూడా అలాంటి ధ్రువీకరణ ప్రస్తావన లేదు. ఈ ఒక్క సవరణను మాత్రం ఆలస్యం చేయకుండా ప్రచురించమని కోరుతున్నాను.

ఇక పట్టికలో ప్రతి ఫోను పక్కన కనిపించే "మిలిటరీ గ్రేడ్" అనే మాట సంగతి. దాని వెనుక ఉన్నది అమెరికా రక్షణ శాఖ రూపొందించిన మిల్-ఎస్‌టీడీ-810 అనే ప్రమాణం. 2019లో వెలువడిన దాని హెచ్ సవరణనే ఇప్పుడు ప్రకటనల్లో ఎక్కువగా చూస్తున్నాం. ఎండ, చలి, తేమ, ఇసుక, ఉప్పు గాలి, కుదుపు, పడడం వంటి అనేక పరీక్షా పద్ధతుల సంకలనం అది. వస్తువు ఎక్కడ వాడతారో ఆలోచించి, వాటిలో ఏవి చేయాలో, ఎంత తీవ్రంగా చేయాలో ఎంచుకునే వెసులుబాటును ఆ ప్రమాణమే ఇస్తుంది. ఫోన్లను పరీక్షించి "ఇది ఉత్తీర్ణమైంది" అని ముద్ర వేసే ప్రభుత్వ కార్యాలయమేదీ లేదు. అందువల్ల ఒకే ఒక్క పరీక్ష చేయించిన కంపెనీ, ఇరవై పరీక్షలు చేయించిన కంపెనీ తమ పెట్టెల మీద ఒకే మాట ముద్రించుకోవచ్చు.

పడేసే పరీక్షనే చూడండి. ఫోన్ల తయారీదారులు సాధారణంగా చెప్పుకునేది 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేయడం. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు కలిస్తే ఆ 26 అవుతాయి. ఈ 26 దెబ్బలనూ ఒకే ఫోను తినవలసిన అవసరం లేదు, ఐదు ఫోన్ల దాకా పంచవచ్చు. చాలాకాలంగా ఈ పరీక్షను కాంక్రీటు మీద పరిచిన రెండు అంగుళాల ప్లైవుడ్ పైన చేస్తూ వచ్చారు. నేరుగా కాంక్రీటు మీదో, ఉక్కు పలక మీదో పడేసి చూసే కంపెనీలూ ఉన్నాయి. అలా చూసినవారు ఆ సంగతిని తప్పకుండా చెప్పుకుంటారు. నిచ్చెన మీద నుంచో, స్తంభం మీద నుంచో జారిపడే ఫోనుకు ఈ 122 సెంటీమీటర్ల హామీ వర్తించదు.

మా పనిలో ఫోన్లు పగిలే తీరు కూడా ఆ పరీక్షకు దూరంగా ఉంటుంది. నా బల్ల సొరుగులో ఉన్న ఒక ఫోనును ఇది రాస్తూ మళ్లీ తీసి చూశాను. నాలుగు మూలల్లో రబ్బరు చెక్కుచెదరలేదు. లోహపు చట్రం మీద రెండు గీతలు తప్ప దెబ్బ లేదు. కానీ స్క్రీన్ నడిమధ్య కందిగింజంత గుంట పడి, అక్కడి నుంచి అన్ని వైపులకూ పగుళ్లు పాకాయి. నేల చదునుగా ఉంటే స్క్రీన్ చుట్టూ ఎత్తుగా ఉండే అంచు దెబ్బను ఆపుతుంది. కంకర రాయి మొన ఆ అంచులను దాటి నేరుగా అద్దానికే తగులుతుంది. కంకర, రాళ్ల నేలపై పనిచేసేవారు మందపాటి స్క్రీన్ గార్డుతో పాటు, మణికట్టుకో బెల్టుకో తాడు కట్టుకునే రంధ్రం ఫోనుకు ఉందో లేదో చూసుకోవాలి. తాడుకు వేలాడే ఫోను అసలు నేలను తాకదు. ఇంత ఉపయోగపడే చిన్న రంధ్రం గురించి ఏ ప్రకటనలోనూ చెప్పరు.

నీటి విషయంలో నేను ఇంకొంచెం వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే మా ఫోన్లు ఎక్కువగా పోయింది నీటి వల్లనే. పెట్టె మీద ఐపీ68 వంటి రెండంకెలతో కనిపించే ఐపీ రేటింగు ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం నుంచి వచ్చింది. మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి. మొదటి అంకె 6 అయితే దుమ్ము అసలు లోపలికి చొరబడదని అర్థం. రెండవ అంకె 7 అయితే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు మునిగినా నీరు హాని చేసేంతగా చేరదని అర్థం. అంకె 8 అయితే అంతకంటే కఠినమైన పరిస్థితి అనే అర్థమే గాని, ఎంత లోతు, ఎంత సేపు అన్నది తయారీదారే ప్రకటించాలి. కాబట్టి రెండు ఐపీ68 ఫోన్లు ఒకే లోతును తట్టుకోవాలని లేదు. అంతేకాక మునక పరీక్ష నెగ్గినంత మాత్రాన గొట్టంతో బలంగా కొట్టే నీటిని కూడా తట్టుకుంటుందని అనుకోకూడదు. ఆ హామీని 5, 6 అంకెలు విడిగా ఇస్తాయి. అంకె 9 దాదాపు 80 డిగ్రీల వేడినీటిని అధిక ఒత్తిడితో దగ్గర నుంచి చిమ్మే పరీక్షకు గుర్తు. యంత్రాలను, వాహనాలను కడిగేవారికి కావలసింది ఈ అంకెలే. ఈ పరీక్షలన్నీ మంచినీటితో జరుగుతాయి. సముద్రపు నీరు, సబ్బు నీరు, డీజిల్ సంగతి వాటిలో లేదు.

ఒక మధ్యాహ్నం మా బృందంలోని ఒక కుర్రవాడు ఐపీ68 ఫోనును ట్రైపాడ్ పక్కన రాతి మీద పెట్టాడు. గంటసేపు ఎండలో కాగిన ఆ ఫోను జారి పక్కనే ఉన్న కాలువలో పడింది. మోకాలి లోతు నీళ్లు. పది సెకన్లలోనే తీసేశాడు. తుడిచి చూస్తే బాగానే పనిచేసింది. సాయంత్రానికి కెమెరా అద్దం లోపలి వైపు సన్నని మంచులా ఆవిరి పట్టింది, రెండు రోజులకు మైకు పోయింది. నీటి వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని సర్వీసు కేంద్రంవారు చెప్పారు. తరువాత ప్రమాణంలోని షరతులు చదివితే కారణం బోధపడింది. మీటరు లోతు మునక పరీక్షలో నీటి ఉష్ణోగ్రతకూ వస్తువు ఉష్ణోగ్రతకూ ఐదు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. ఎండలో కాలిన ఫోను చల్లటి నీటిలో పడితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, ఎక్కడ చిన్న సందు ఉంటే అక్కడి నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఎండలో పనిచేసేవారికి తరచూ ఎదురయ్యే ఈ పరిస్థితి ఆ పరీక్షలోనే లేదు.

ఆ సందు ఎలా ఏర్పడుతుందో కూడా చెప్పాలి. ఛార్జింగ్ పోర్టు మీది రబ్బరు మూతను రోజుకు రెండుసార్లు తీసి పెడతాం. కొన్నాళ్లకు దాని మెడ సాగుతుంది, గాడిలో ఇసుక చేరుతుంది. ఒక మూతను భూతద్దంతో చూసినప్పుడు అంచు కింద ఒకే ఒక్క ఇసుక రేణువు కనిపించింది. మూత గట్టిగా పడినట్టే ఉంది గాని ఆ రేణువు చుట్టూ వెలుతురు కనబడుతోంది. అందుకే ఇప్పుడు మేము మూత అవసరం లేకుండా లోపలి నుంచే నీటిని ఆపే పోర్టు ఉన్న ఫోన్లను, వీలైతే వెనుక లోహపు కొనల ద్వారా డాక్ అనే స్టాండులో ఛార్జి అయ్యే వాటిని ఎంచుకుంటున్నాం. మూత ఉన్న ఫోనే కొనవలసి వస్తే ఆ మూత విడిగా దొరుకుతుందో లేదో ముందే అడగాలి. స్క్రీన్ మార్పించిన ఫోనులో లోపలి జిగురు సీలును కొత్తగా వేసి పరీక్షించకపోతే పెట్టె మీది ఐపీ అంకెకు విలువ ఉండదని కూడా మా వాళ్లకు చెబుతుంటాను.

బ్యాటరీ ఎంత పెద్దదైతే అంత మంచిదన్న ధోరణి మీ వ్యాసంలో ఆసాంతం ఉంది. పదివేల ఎంఏహెచ్ దాటిన బ్యాటరీ ఉన్న రగ్డ్ ఫోన్లు చాలావరకు 400 గ్రాముల పైనే తూగుతాయి, అంటే సాధారణ ఫోనుకు రెట్టింపు. అదే ఎత్తు నుంచి పడినప్పుడు రెట్టింపు బరువు రెట్టింపు శక్తితో నేలను తాకుతుంది. చొక్కా జేబులో నిలవదు, వంగితే జారుతుంది. విద్యుత్తు అందని చోట రోజుల తరబడి ఉండేవారికి అలాంటిది కావాలి, నేను కాదనను. రోజూ సాయంత్రం తిరిగి వచ్చేవారికి మాత్రం చేత్తో తీసి మార్చుకోగల బ్యాటరీయే మేలు. నీటి రక్షణ ఉన్న ఫోనులో అది సాధ్యం కాదనే అపోహ ఒకటి ఉంది. 2024లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎక్స్‌కవర్7లో ఐపీ68 రక్షణతో పాటు తీసి మార్చగల 4,050 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంది.

వేడి గురించి మీ పట్టికలో ఒక గడి కూడా లేదు. సాధారణ ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడమని తయారీదారులు సూచిస్తారు. నేరుగా ఎండ తగిలే ఫోను చుట్టూ ఉన్న గాలి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. అప్పుడు ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది, స్క్రీన్ వెలుగు దానంతటదే తగ్గుతుంది. అంటే ఎండ తీవ్రంగా ఉండి స్క్రీన్ చదవడమే కష్టమైన వేళకే అది మసకబారుతుంది. దెబ్బల నుంచి కాపాడే మందపాటి రబ్బరే లోపలి వేడిని బయటికి పోనివ్వదు కూడా. స్క్రీన్ వెలుగు ఎన్ని నిట్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) అని అడగడంతో సరిపెట్టుకోక, వేడెక్కాక ఎంత మిగులుతుందో సమీక్షకులు కొలిచి చెబితే మాలాంటివారికి ఎంతో మేలు. చలి ప్రాంతాల్లో పనిచేసేవారికి దీనికి ఎదురు సమస్య ఉంది. సున్నా డిగ్రీల కంటే తక్కువలో లిథియం అయాన్ బ్యాటరీకి ఛార్జింగ్ పెడితే లోపల లిథియం లోహంగా పేరుకుని సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. వారు ఫోనును ఒంటికి తగిలే లోపలి జేబులో ఉంచుకుని, వెచ్చబడ్డాకే ఛార్జి చేయాలి.

చేతి తొడుగుల సంగతి కొనేముందే తేల్చుకోవాలి. "గ్లవ్ మోడ్" అన్నది పలుచని తొడుగులకు పనిచేస్తుంది గాని మందపాటి తోలు తొడుగులకు చాలాసార్లు పనిచేయదు. తడిసిన స్క్రీన్ నీటి బొట్టును వేలిగా పొరబడుతుంది. పనిలో వాడే తొడుగులనే వెంట తీసుకువెళ్లి, స్క్రీన్ మీద నాలుగు చుక్కలు చల్లి చూడమని నా సలహా. పక్కన నొక్కగానే కెమెరానో, వాకీటాకీ లాంటి మాటల సౌకర్యాన్నో తెరిచే అసలైన బటన్ ఉంటే ఆ రెండు ఇబ్బందులూ తప్పుతాయి.

స్థాన నిర్ణయానికి ఉపగ్రహాలు పంపే సంకేతాల్లో ఎల్1తో పాటు ఎల్5 పౌనఃపున్యాన్ని కూడా అందుకునే ఫోను భవనాల పక్కన, చెట్ల కింద మెరుగ్గా పనిచేస్తుంది. అయినా హద్దులు నిర్ణయించే పనికి ఏ ఫోనూ చాలదు, సర్వే రిసీవరు ఉండాలి. వేరే దేశపు విపణి కోసం తయారైన ఫోనైతే మన నెట్‌వర్కు వాడే బ్యాండ్లు (పౌనఃపున్య శ్రేణులు) అందులో ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. కెమెరా మెగాపిక్సెళ్ల గురించి నేను చెప్పవలసినది ఏమీ లేదు.

ఫోను శరీరం ఐదేళ్లు నిలిచి, సాఫ్ట్‌వేర్ రెండేళ్లకే ఆగిపోతే ఆ గట్టిదనం వృథా. సంస్థల వాడకానికి తగిన పరికరాలను ఆండ్రాయిడ్ ఎంటర్‌ప్రైజ్ రికమెండెడ్ పేరుతో గూగుల్ సిఫారసు చేసే కార్యక్రమంలో 2018లో రగ్డ్ పరికరాలను చేర్చినప్పుడు, వాటికి ఐదేళ్ల పాటు భద్రతా అప్‌డేట్లు ఇవ్వాలన్న షరతు పెట్టారు. ఆ జాబితాలో ఉన్న ఫోనా కాదా అన్నది మీ పట్టికలో ఒక గడికి తగిన విషయం. తయారీ సంస్థ నిలకడను కూడా చూడాలి. క్యాట్ పేరుతో రగ్డ్ ఫోన్లు తయారు చేసిన బులిట్ సంస్థ 2024 ఆరంభంలో మూతపడింది. ఇలా జరిగినప్పుడు విడిభాగాలకూ అప్‌డేట్లకూ కొన్నవారే ఇబ్బంది పడతారు.

పరీక్ష వివరాలు ప్రచురించినా జనానికి అర్థం కావని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ప్రతి కొత్త మోడల్ స్మార్ట్‌ఫోన్‌కు ఉండే లేబుల్ మీద, పడినప్పుడు ఎంత తట్టుకుంటుందో తెలిపే A నుంచి E వరకు ఉండే శ్రేణి, ఐపీ రేటింగు, బ్యాటరీ ఎన్ని ఛార్జింగుల దాకా నిలుస్తుందన్న లెక్క, మరమ్మతు ఎంత సులభమో తెలిపే శ్రేణి ముద్రిస్తున్నారు. కంపెనీలు అక్కడ చెబుతున్నవాటిని మన పాఠకులకూ చెప్పమని మీ పత్రిక అడగవచ్చు.

ఈ విషయం మీద మళ్లీ పట్టిక ప్రచురించేటప్పుడు "మిలిటరీ గ్రేడ్" అన్న గడిని తీసేసి, దాని స్థానంలో ఏ ఏ పరీక్షలు చేశారు, ఎంత ఎత్తు నుంచి ఏ నేల మీద పడేశారు, ఎంత లోతు నీటిలో ఎంతసేపు ఉంచారు, ఎన్ని డిగ్రీల మధ్య పనిచేస్తుంది, అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయి అన్నవి ఇవ్వండి. అడిగినా కంపెనీ చెప్పకపోతే ఆ గడిని ఖాళీగా వదలకుండా "కంపెనీ చెప్పలేదు" అని ముద్రించండి.

ఇట్లు,
ఒక సర్వేయరు