హెడ్జ్‌హాగ్‌ల అరలోంచి మేము తీసివేసిన సరుకు

మా తోట సామగ్రి దుకాణంలో నాలుగేళ్ళుగా హెడ్జ్‌హాగ్‌ల కోసం ప్రత్యేకంగా ఒక అర ఉంది. అందులోని సరుకులో దాదాపు సగాన్ని గత నెలలో తీసివేశాము. ఎందుకు తీసివేశామో, ఇదివరకే కొన్నవారు ఇప్పుడు ఏం చేయాలో చెప్పవలసిన బాధ్యత మాదే కనుక ఇది రాస్తున్నాను.

హెడ్జ్‌హాగ్‌ను ఏదుపంది అనుకుని భయపడేవారు ఇంకా ఉన్నారు కాబట్టి ముందుగా ఒక మాట. ఏదుపంది ఎలుకల వర్గానికి చెందిన పెద్ద జంతువు. హెడ్జ్‌హాగ్ వీపు నిండా ముళ్ళున్న చిన్న జంతువు; చుంచుకు దగ్గరి చుట్టం, రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. రాత్రిపూట పేడపురుగులను, గొంగళిపురుగులను, వానపాములను వెతుక్కుంటూ కిలోమీటరుకు పైగా నడుస్తుంది. యూరప్‌లోని హెడ్జ్‌హాగ్‌ను 2024లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా ప్రకటించింది.

మా కళ్ళు తెరిపించింది మా సొంత తోటే. దుకాణం వెనుక బఠాణీ తీగల మీద కప్పిన వల ఒక మూల నేల మీదికి జారి ఉంది. ఒక ఉదయం వెళ్ళి చూస్తే అందులో ఒక హెడ్జ్‌హాగ్ చిక్కుకుని, బంతిలా ముడుచుకుని ఉంది. దాని ముళ్ళు వెనక్కి వాలి ఉంటాయి గనుక వలలోకి తల దూర్చడం తేలికే గానీ వెనక్కి రావడం దానివల్ల కాదు; పైగా భయం వేసినప్పుడల్లా ముడుచుకుంటుంది కాబట్టి దారం మరింత లోతుగా బిగుస్తుంది. ఒక ముందుకాలు వాచి, రెట్టింపు లావైంది. దారాన్ని అక్కడికక్కడే పూర్తిగా కోసి వదిలేద్దామనుకున్నాము. ఫోనులో పశువైద్యురాలు వద్దన్నారు: బిగిసిన చోట రక్తప్రసరణ ఆగి ఉంటే గాయం ఒకటి రెండు రోజుల తరువాతే బయటపడుతుందట. కాబట్టి చుట్టూ ఉన్న వలను మాత్రమే కత్తిరించి, దాన్ని ఎత్తైన గోడలున్న పెట్టెలో పెట్టి ఆమె దగ్గరికి తీసుకువెళ్ళాము. ఆ వల మేము "జంతువులకు హాని చేయనిది" అని చీటీ అంటించి అమ్మిన వలే. మీ దగ్గర ఉంటే దాని అంచు నేలకు కనీసం 20 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా బిగించి కట్టండి. వాడనప్పుడు చుట్టి లోపల పెట్టండి. తిరిగి తెచ్చినా పూర్తి సొమ్ము ఇస్తాము.

ఆ తరువాత అరలోని ప్రతి వస్తువునూ ఆ వైద్యురాలికి చూపించాము. మేము అమ్మిన చెక్క గూళ్ళ ద్వారం పిల్లులు కూడా దూరేంత వెడల్పుగా ఉంది. 13 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న ద్వారం చాలు. గూటితోపాటు ఇచ్చిన దూదిని దయచేసి తీసివేయండి, దాని పోగులు కాళ్ళకు చుట్టుకుంటాయి. దగ్గరలో ఎండుటాకులు కుప్పగా ఉంటే హెడ్జ్‌హాగ్ నోటితో మోసుకుని వచ్చి తన పడక తానే సర్దుకుంటుంది.

అన్నిటికంటే బాగా అమ్ముడుపోయినవి హెడ్జ్‌హాగ్‌లకు మేతగా వేసే మీల్‌వార్మ్ అనే పురుగుల పొట్లాలు. నిజం చెప్పాలంటే వీటిని ఆపడానికి మనసు ఒప్పక రెండు వారాలు తటపటాయించాను. ఈ పురుగుల్లో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. రోజూ ఇవే తింటే హెడ్జ్‌హాగ్‌ల ఎముకలు బలహీనపడతాయి, అయినా రుచి మరిగి వాటినే వెతుక్కుంటాయి. పాలు, రొట్టె కూడా పెట్టకూడదు, పాలు వాటికి అరగక విరేచనాలు పట్టుకుంటాయి. పెట్టదలచుకుంటే మాంసంతో చేసిన పిల్లుల ఆహారం కొద్దిగా, లోతు లేని పళ్ళెంలో నీళ్ళు పెట్టి, రెండు పాత్రలనూ రోజూ కడగండి.

ఇంకో తప్పు పక్క అరలో ఉంది. నత్తలను తినే జంతువు కోసం గూళ్ళు అమ్ముతూనే, నత్తలను చంపే మెటాల్డిహైడ్ గుళికలను కూడా అమ్మాము. బ్రిటన్‌లో ఆరుబయట వీటి వాడకాన్ని 2022లో నిషేధించారు. మేము అప్పుడే ఆపి ఉండవలసింది.

మేము అద్దెకిచ్చే గడ్డి కోసే రోబో యంత్రాలను ఇకపై చీకటి పడకముందే తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. 2021లో డెన్మార్క్ పరిశోధకులు, అప్పటికే చనిపోయిన హెడ్జ్‌హాగ్‌ల కళేబరాలతో 18 రకాల యంత్రాలను పరీక్షించినప్పుడు, తగలకముందే గుర్తించి ఆగినది ఒక్కటీ లేదు. బతికున్న హెడ్జ్‌హాగ్ కూడా యంత్రం మీదికి వస్తే పారిపోకుండా ముడుచుకుపోవచ్చు.

వీటన్నిటికన్నా మేలు చేసే పనికి మా దుకాణంతో అవసరమే లేదు. ప్రహరీ అడుగున 13 సెంటీమీటర్ల కంత పెట్టి, పక్కింటివారిచేత కూడా పెట్టిస్తే చాలు, రాత్రి తిరగడానికి దానికి దారి దొరుకుతుంది. నీటి కుంట ఉంటే ఎక్కి రావడానికి వాలుగా ఒక పలక ఆనించండి. చెత్త కుప్పను తగలబెట్టే ముందు అదే రోజు పూర్తిగా పక్కకు జరిపి చూడండి.

పగటిపూట ఎండలో పడుకుని గానీ తూలుతూ గానీ కనబడితే మాత్రం అది జబ్బుపడినట్టే అనుకోండి. చేతికి తొడుగులు వేసుకుని దాన్ని పెట్టెలో పెట్టి, గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ళ సీసాను పక్కన ఉంచి, వన్యప్రాణుల వైద్యులకు ఫోను చేయండి. పెట్టె, తొడుగులు మా కౌంటరు దగ్గర ఉచితంగా ఉంటాయి.